కాంటాక్ట్ షీటు నుంచి ఫ్రేమును ఎంచుకోవడం ఎలా?

ప్రశ్న: 36 ఫ్రేముల ఫిల్ము రీలును కాంటాక్ట్ షీటుగా (అన్ని ఫ్రేములూ నెగటివు సైజులోనే ఒకే కాగితంపై కనిపించేలా) ముద్రించి భూతద్దంతో చూస్తున్నప్పుడు, విడిగా అందంగా కనిపించే ఫ్రేమును ఎంచుకోవాలా, లేక కథను ముందుకు నడిపించే ఫ్రేమునా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు: నిస్సందేహంగా కథకే ప్రాధాన్యం. ఫొటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్ 1955–56లో అమెరికా అంతటా తిరిగి తీసిన వేలాది ఫ్రేముల నుంచి ‘ది అమెరికన్స్’ అనే తన ఫొటోల పుస్తకంలోకి తీసుకున్నవి 83 మాత్రమే.

మరో జవాబు: ఎంచుకున్న ఫ్రేముకు గుర్తు పెట్టే ఎర్ర పెన్సిలు వెంటనే పట్టుకోకండి. తీసిన నాటి ఉద్వేగం చల్లారాక ఫ్రేములను వరుసగా చూస్తే, మనిషి కెమెరాను గమనించి ముఖం సర్దుకున్న క్షణమేదో, అంతకు ముందరి సహజమైన క్షణమేదో స్పష్టంగా తెలుస్తుంది. నేనైతే రెండోదానికే గుర్తు పెడతాను.

ఇంకొకరు: పక్కన పెట్టిన నెగటివులను మాత్రం పారేయవద్దు, కొన్నేళ్ల తరువాత కథ మారితే అవే అవసరమవుతాయి.