పాత పత్రికలో విడదీయని కౌంటర్ల షీటు దొరికింది, ఆడుకోవచ్చా?

కాగితం_సేనాని:
అందరికీ నమస్కారం. నేను వార్‌గేమ్‌లు (మ్యాపు మీద అట్టముక్కలతోనో, బొమ్మ సైనికులతోనో ఆడే యుద్ధపు ఆటలు) ఆడటం మొదలుపెట్టి రెండేళ్లే అయింది. తెలిసిన పెద్దాయన ఒకరు అటక సర్దుతూ పాత పత్రికల కట్ట నా చేతిలో పెట్టారు. డెబ్భైల నాటి 'స్ట్రాటజీ అండ్ ట్యాక్టిక్స్' నాలుగు, తొలినాళ్ల 'వైట్ డ్వార్ఫ్' కొన్ని. ఒకదాంట్లో మ్యాపు, రూల్సు, అట్ట కౌంటర్ల (సైనిక దళాలుగా మ్యాపు మీద జరిపే చిన్న ముక్కలు) షీటు అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అసలు పత్రికలో ఆట పెట్టి పంపడం ఎవరి ఆలోచన? ఆ షీటు విడదీస్తే పాపమా?

సీసపు_సిపాయి:
పాపం సంగతి చివర్లో చెబుతా, ముందు కథ వినండి.

'స్ట్రాటజీ అండ్ ట్యాక్టిక్స్' 1967 జనవరిలో మొదలైంది. పెట్టింది క్రిస్ వాగ్నర్, జపాన్‌లో పనిచేస్తున్న అమెరికా వైమానిక దళ సార్జెంటు. డబ్బు చాలక కుంటుతుంటే 1969లో జిమ్ డనిగన్ తీసుకుని న్యూయార్క్ చేర్చాడు. సంచికలో ఆట పెట్టడం అప్పుడే మొదలైంది. చందా డబ్బు ముందే చేతికొస్తుంది కాబట్టి ఆట అమ్ముడుపోతుందా లేదా అన్న టెన్షన్ లేదు. పైగా రాబోయే ఆటల ప్రతిపాదనలు అచ్చువేసి, పాఠకుల చేత 1 నుంచి 9 దాకా మార్కులు వేయించుకునేవాళ్లు. ఏది తయారుచేయాలో చాలావరకు ఆ మార్కులే తేల్చేవి. మీ కట్టలో ఆ ప్రశ్నల పేజీ ఉంటుంది, చూడండి.

కానీ ఈ పత్రికల పుట్టుక అంతకు పదేళ్ల ముందు. కాలిఫోర్నియాలో సీసపు బొమ్మలు పోతపోసే జాక్ స్క్రూబీ 1957లో 'వార్ గేమ్ డైజెస్ట్' తెచ్చాడు. కొన్ని సంచికల ఎడిటింగ్ ఇంగ్లండ్‌లో డాన్ ఫెదర్‌స్టోన్, టోనీ బాత్ చూసేవారు. 1962లో ఫెదర్‌స్టోన్ విడిగా 'వార్‌గేమర్స్ న్యూస్‌లెటర్' పెట్టి 1980 వరకూ లాక్కొచ్చాడు. ఆయన వృత్తి ఫిజియోథెరపీ. పగలు ఫుట్‌బాల్ ఆటగాళ్ల మోకాళ్లు, రాత్రి బొమ్మ సైనికులు!

నన్నడిగితే ఇవన్నీ చదవడానికి కాదు, తోడు వెతుక్కోవడానికి పుట్టిన పత్రికలు. వార్‌గేమ్‌లు తయారుచేసే అవలాన్ హిల్ కంపెనీ 1964లో తెచ్చిన 'ది జనరల్'లో నేను ముందు తిప్పే పేజీ 'ప్రత్యర్థులు కావలెను' ప్రకటనలదే. అలా దొరికినాయనతో ఉత్తరాల మీద పద్నాలుగు నెలలు ఒకే ఆట ఆడాను. పాచికలో ఎంత పడిందో నమ్మేదెలా అంటారా? దాడి రాసిన ఉత్తరంలోనే ఒక కంపెనీ షేరు పేరు, రాబోయే తేదీ రాయాలి. ఆ రోజు పేపర్లో దాని అమ్మకాల అంకెలో చివరిదే మన పాచిక. ఉత్తరం ఆలస్యమైతే మొత్తం గొడవే. మా ఆట అలాగే ఆగిపోయింది, నేను గెలిచేలా ఉన్నప్పుడు.

షీటు నిక్షేపంగా విడదీయండి. చేత్తో లాగితే మాత్రం పైకాగితం లేచిపోతుంది.

షడ్భుజి:
పైన చెప్పనిది ఒకటి. 1982లో డనిగన్ పెట్టిన ఎస్‌పీఐ కంపెనీ దివాలా అంచుకు చేరాక, 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆట తెచ్చిన టీఎస్ఆర్ కంపెనీ 'స్ట్రాటజీ అండ్ ట్యాక్టిక్స్'ను చేజిక్కించుకుంది. ముందే కట్టిన చందాలు మాత్రం చెల్లవంది. జీవిత చందాదారులు ఎంత తిట్టుకుని ఉంటారో ఊహించుకోండి.

'వైట్ డ్వార్ఫ్' గురించి మాట్లాడరేం? 1977 జూన్‌లో బ్రిటన్ ఆటల కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ మొదలుపెట్టినప్పుడు అందులో ఎవరి ఆటలైనా ఉండేవి, 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' సహా. ఎనభైల చివరికి సొంత సరుకు తప్ప మరోటి లేకుండా చేశారు. ఫొటోలు మెరుస్తాయి, నిజమే, కానీ అదిక క్యాటలాగే.

సీసపు_సిపాయి:
క్యాటలాగ్ అన్నా ఒప్పుకుంటాను, షడ్భుజి గారూ. రంగులేయడం ఒక తరం దాన్ని చూసే నేర్చుకుంది. మిగతా కంపెనీల బొమ్మలతో ఆడేవాళ్ల కోసం 1983లో 'మినియేచర్ వార్‌గేమ్స్', 1987లో 'వార్‌గేమ్స్ ఇలస్ట్రేటెడ్' వచ్చాయి. రెండూ డంకన్ మెక్‌ఫర్లేన్ పెట్టినవే.

నాలుగో_పాచిక:
ముందు షీటు రెండు వైపులా స్కాన్ చేసుకోండి. తర్వాత పదునైన బ్లేడుతో మూలల్లోని అతుకులు తెంపండి. మిగిలిన బొడిపెలు గోళ్లు కత్తిరించే దానితో తీసేస్తే కౌంటర్ల దొంతర్లు పడిపోకుండా నిలబడతాయి.

కాగితం_సేనాని:
అందరికీ థాంక్సండీ. ప్రశ్నల పేజీ దొరికింది. పెద్దాయన పెన్సిల్‌తో అన్నిటికీ 9 వేశారు, ఒక్క నెపోలియన్ ఆటకు తప్ప. దానికి 2. ఎందుకని అడిగితే, అప్పుడు ఎవరితోనో ఓడిపోయానన్నారు.

స్కాన్ చేసి, నిన్న రాత్రి షీటు విడదీశాను. తొందరపడి లాగడంతో ఒక కౌంటరుకి పైకాగితం లేచొచ్చింది, ఫిరంగి దళం. దాన్ని మొదటి టర్న్‌లోనే దాడికి పంపించేస్తా.