మంచానపడిన అత్తగారిని ఐదు రోజులు ఎవరికి అప్పగించి వెళ్ళాలి?

కొల్లిపర కోడలు

అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లాలో తెనాలికి దగ్గరలో ఉన్న పల్లెటూరు. మా అత్తగారికి 74 ఏళ్ళు. ఏడాదిన్నర క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోలేదు గాని, ఆమె చెప్పేది ఇంట్లోవాళ్ళకు తప్ప బయటివాళ్ళకు అర్థం కాదు. మా వారు లారీ మీద ఉంటారు కాబట్టి నెలకు నాలుగైదు రోజులకు మించి ఇంటిపట్టున ఉండరు. మరిది హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ సంక్రాంతికి వచ్చి చూసి వెళ్తాడు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఒళ్ళు తుడవడం, అన్నం మెత్తగా కలిపి తినిపించడం, డైపర్లు మార్చడం, రాత్రిపూట లేచి పక్కకు తిప్పడం, ఇవన్నీ నేనే చూసుకుంటున్నాను. అందుకు నాకు బాధ లేదు. పెళ్ళయిన కొత్తలో నాకు టైఫాయిడ్ వస్తే ఆమె ఇరవై రోజులు నా మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంది.

నా ఇబ్బంది వేరు. వచ్చే నెలలో చీరాలలో మా అమ్మకు కంటి శుక్లం ఆపరేషను ఉంది. ఆమెకు నేనొక్కదాన్నే సంతానం. కనీసం ఐదు రోజులు ఆమె దగ్గర ఉండాలి. ఈ ఏడాదిన్నరలో నేను ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. విజయవాడ వైపున్న ఒక వృద్ధాశ్రమానికి ఫోన్ చేస్తే, తమంతట తాము లేచి బాత్రూముకు వెళ్ళగలిగేవారినే తీసుకుంటామని చెప్పారు. మరొకచోట ఐదు రోజులకైనా సరే మూడు నెలల అడ్వాన్సు కట్టమన్నారు. ఇటువంటి స్థితిలో ఉన్నవారిని కొద్ది రోజులు చూసుకునే ఏర్పాటు ప్రభుత్వం తరఫున గాని, మరో విధంగా గాని ఏదైనా ఉన్నదా?

మరో రెండు సంగతులు కూడా అడుగుతాను. అత్తగారికి వితంతు పింఛను 4,000 రూపాయలు వస్తోంది. మంచానికే పరిమితమైనవారికి 15,000 ఇస్తారని ఊళ్ళో అంటున్నారు. దానికి ఎవరిని కలవాలి? మామగారు వేసి వెళ్ళిన కొంత సొమ్ము ఆమె పేరున బ్యాంకులో ఉంది. ఆమె ఇప్పుడు సంతకం పెట్టలేరు. ఆ సొమ్ము ఆమె వైద్యానికే తీయాలన్నా దారి తెలియడం లేదు.

విశ్రాంత ఏఎన్ఎం

అమ్మా, 31 ఏళ్ళు పల్లెల్లో ఏఎన్ఎంగా తిరిగినదాన్ని కాబట్టి నాకు తెలిసినంతవరకు చెబుతాను. మీ మొదటి ప్రశ్నకు సమాధానం ముందే చెప్పేస్తే మీకు తిరుగుడు తప్పుతుంది. ఐదు రోజులు మనిషిని ఉంచుకుని తిరిగి అప్పగించే ప్రభుత్వ ఏర్పాటు మన మండలాల స్థాయిలో నేను చూడలేదు. కేంద్ర ప్రభుత్వ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే ఆశ్రమాలు ప్రధానంగా ఎవరూ లేని నిరుపేద వృద్ధుల కోసం ఉద్దేశించినవి. అయినా 14567కు ఒకసారి ఫోన్ చేయండి. అది వృద్ధుల సహాయవాణి, కాల్‌కు డబ్బు పడదు, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు తెలుగులోనే మాట్లాడతారు. మొదట హైదరాబాదులో చిన్నగా మొదలైన ఈ సేవ 2021 నాటికి దేశమంతటికీ విస్తరించింది. వాళ్ళు మనిషిని పంపరు గాని, మీ జిల్లాలో ఏ ఆశ్రమం ఎటువంటివారిని తీసుకుంటుందో చెప్పగలరు. ఫోన్ చేసినప్పుడు "వృద్ధాశ్రమం కావాలి" అని ఊరుకోకుండా, "మంచంలో ఉన్న మనిషి, ఐదు రోజులు, డబ్బు చెల్లిస్తాము" అని మూడు ముక్కలూ ముందే చెప్పండి.

నా సలహా ఏమిటంటే, మనిషిని కదిలించకండి. చూసుకునే మనిషినే ఇంటికి రప్పించండి. పక్షవాతం వచ్చినవారికి చోటు మారితే తిండి తగ్గిపోవడం, రాత్రిళ్ళు కంగారుపడడం చాలాసార్లు చూశాను. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే, గతంలో ఇటువంటివారికి చేసిన మనిషి చుట్టుపక్కల ఎవరున్నారో ఆమెకు తెలిసి ఉంటుంది. అటువంటి మనిషి దొరికితే మీరు వెళ్ళే రోజునుంచి కాక, నాలుగు రోజులు ముందునుంచే పెట్టుకోండి. మొదటి రెండు రోజులు మీరు చేస్తుంటే ఆమె చూడాలి, తరువాతి రెండు రోజులు ఆమె చేస్తుంటే మీరు చూడాలి. ఆ నాలుగు రోజుల కూలి దండగ అనుకోవద్దు. ఇంకొక మాట: మీ అత్తగారి మాట బయటివాళ్ళకు అర్థం కాదన్నారు కదా. ఏ శబ్దానికి ఏది కావాలని అర్థమో ఒక కాగితం మీద రాసి మంచం ఎదురుగా గోడకు అంటించండి. మందుల చీటీకంటే అదే ఎక్కువ అవసరం.

పింఛను సంగతి. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వృద్ధులకు, వితంతువులకు 4,000, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. మనిషికి ఒక్క పింఛనే కాబట్టి ఇప్పుడున్నది పోయి వేరే కేటగిరీలోకి మారడమే ఉంటుంది. అందుకు సదరం ధ్రువపత్రం, అంటే వైకల్యం ఎంత ఉన్నదో ప్రభుత్వాసుపత్రి వైద్యులు రాసిచ్చే కాగితం కావాలి. స్లాటు మీ గ్రామ సచివాలయంలో అడగండి. 15,000 కేటగిరీని 2025 ఆరంభంలో వైద్య బృందాలు ఇళ్ళకు వెళ్ళి మరీ తనిఖీ చేశాయి. అందువల్ల ఒకవైపు మాత్రమే పడిపోయి, ఆసరాతో కూర్చోగలిగినవారిని 6,000 కేటగిరీలో చేర్చే అవకాశం ఉందని ముందే మనసులో పెట్టుకోండి. ఊళ్ళో చెప్పే అంకెను నమ్మి అప్పు మాత్రం చేయకండి. 1వ తేదీన పింఛను తెచ్చే సచివాలయ ఉద్యోగి ఎలాగూ మీ గుమ్మంలోకే వస్తాడు. డబ్బు అందుకుని పంపేయకుండా కాసేపు కూర్చోబెట్టి ఈ సంగతి అడగండి.

అలాగే 104 వాహనంతో డాక్టరుగారు మీ ఊరు వచ్చే తేదీ తెలుసుకుని, ఇంటికి వచ్చి చూడమని మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉండే ఎంఎల్‌హెచ్‌పీ (ఆరోగ్య సిబ్బంది) ద్వారా ముందురోజే చెప్పి ఉంచండి. 65 ఏళ్ళు దాటినవారికి నెలాఖరు రోజుల్లో బియ్యం ఇంటికే తెచ్చి ఇవ్వాలన్న ఏర్పాటు 2025 జూన్ నుంచి ఉంది. వేలిముద్ర కోసం ఆమెను ఎవరూ ఎత్తుకుని వెళ్ళనక్కరలేదు.

మానేరు తీరం

అక్కా, నేను కరీంనగర్ నుంచి రాస్తున్నాను. మా నాన్న చివరి ఎనిమిది నెలలు మంచంలోనే ఉన్నారు. మా వైపు ప్రభుత్వం నడిపే 'ఆలన' వాహనంలో నర్సు ఇంటికి వచ్చి పుండ్లకు కట్టు కట్టి, మాకు కూడా నేర్పి వెళ్ళేది. మీ వైపు ఆ పేరుతో ఉండకపోవచ్చు గాని, తెనాలి జిల్లా ఆసుపత్రికి వెళ్ళి వృద్ధుల విభాగం, ఫిజియోథెరపీ, పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) అని మూడూ విడివిడిగా అడగండి. ఒకటి లేదంటే మిగతావి కూడా లేవనుకుని తిరిగి వచ్చేస్తాము. నేను మొదటిసారి అలాగే వచ్చేశాను.

మీరు రాయకపోయినా నేను అడగవలసిన విషయం ఒకటుంది. నడుము కింద, తోక ఎముక దగ్గర, మడమల మీద చర్మం ఎర్రబడిందేమో రోజూ చూస్తున్నారా? ఆ ఎరుపును వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. నొక్కినా రంగు మారకుండా అలాగే ఉంటే పుండు మొదలైనట్టే అని మాకు నర్సు నేర్పింది. పగలైనా రాత్రైనా రెండు గంటలకొకసారి తిప్పాలని చెప్పేది. మా అమ్మ ఒక పాత క్యాలెండరు వెనుక "కుడి, ఎడమ, వెల్లకిల" అని గళ్ళు గీసి, తిప్పినప్పుడల్లా పసుపు బొట్టు పెట్టేది. నాకు చదువు ఉంది, ఆమెకు లేదు; ఆ ఉపాయం మాత్రం ఆమెకే తట్టింది. గాలి నింపుతూ తీస్తూ ఉండే ఎయిర్ బెడ్ మెడికల్ సామాను దుకాణాలలో అద్దెకు కూడా దొరుకుతుంది. అది వేసినా తిప్పడం మానకూడదు. మీరు వెళ్ళే ఐదు రోజులలో జారిపోయే పని ఏదైనా ఉంటే అది రాత్రి రెండు గంటలకు తిప్పే పనే. కొత్త మనిషి పగలు అన్నీ చక్కగా చేసి రాత్రి నిద్రపోతుంది, ఆమెను తప్పుపట్టలేము. రాత్రికి మాత్రం ఇంటి మనిషి ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి.

పాత క్యాషియరు

బ్యాంకు విషయానికి మాత్రమే పరిమితమై చెబుతాను. సంతకం పెట్టలేని స్థితిలో ఉన్న వృద్ధ ఖాతాదారుల కోసం రిజర్వు బ్యాంకు నియమం చాలా కాలంగా ఉంది. చెక్కు మీద గాని, విత్‌డ్రాయల్ ఫారం మీద గాని ఖాతాదారు వేలిముద్ర వేయవచ్చు. చేతితో వేయలేకపోతే కాలి బొటనవేలి ముద్ర కూడా చెల్లుతుంది. దానిని ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. మనిషి బ్యాంకుకు రాలేకపోతే అధికారే ఇంటికి రావాలి. సొమ్ము ఎవరు తీసుకుంటారో కూడా ఆ సందర్భంలోనే చెప్పించి, ఆ మనిషిని సాక్షులచేత గుర్తింపజేస్తారు. మీ అత్తగారికి ఎడమ చెయ్యి పనిచేస్తోంది కాబట్టి అంతదూరం పోనక్కరలేదు. 70 ఏళ్ళు దాటినవారికి ఇంటి వద్దనే సేవలు అందించాలని 2017లో ఇచ్చిన ఆదేశం కూడా ఉంది. కౌంటరు దగ్గర నోటిమాటగా అడిగితే "చూద్దాం" అంటారు. మేనేజరు పేర కాగితం రాసి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుని రండి. నేను కౌంటరుకు ఇవతలి పక్కన 30 ఏళ్ళు కూర్చున్నాను గనుక ఆ "చూద్దాం" విలువ నాకు తెలుసు.

ఇంకొక సంగతి, 70 దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల వరకు వైద్యం ఇచ్చే వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. ఆసుపత్రిలో చేరితేనే అది పనికొస్తుంది, ఇంటి దగ్గర డైపర్లకు, ఆయాకు కాదు. అయినా ఆధారుతో ఇప్పుడే చేయించి ఉంచండి.

ఊరి పెద్దమనిషి

అందరూ మందులు, పింఛను గురించి చెబుతున్నారు గాని, అసలు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. కన్నకొడుకు హైదరాబాదులో హాయిగా ఉంటే కోడలు ఒక్కతే ఎందుకు చేయాలి? 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టించండి. వకీలు అక్కరలేదు. నెలకు 10,000 వరకు ఇప్పించే అధికారం ఆ ట్రిబ్యునలుకు ఉంది. ఆ చట్టంలో పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి పేరే లేదు. చట్టప్రకారం బాధ్యత లేని మనిషి రాత్రింబవళ్ళు చేస్తోంది, బాధ్యత ఉన్నవాడు పండగకు వచ్చి పోతున్నాడు.

విశ్రాంత ఏఎన్ఎం

మీరు చెప్పిన చట్టం నిజమే గాని, అర్జీ పెట్టవలసింది ఆ తల్లి, లేదా ఆమె తరఫున ఆమె అనుమతించిన మనిషి. ఆమెకు ఇష్టం ఉన్నదో లేదో మనలో ఎవరికీ తెలియదు. పైగా అర్జీ విచారణకు 90 రోజుల గడువు ఉంటుంది, ఈ అమ్మాయికి కావలసింది వచ్చే నెలలో ఐదు రోజులు. ముందు మరిదికి ఒక ఫోన్ చేయమనండి. డబ్బు అడగవద్దు, ఐదు రాత్రులు అడగమనండి.

కొల్లిపర కోడలు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి.

మరిదికి ఫోన్ చేశాను. మొదట సెలవు లేదన్నాడు. తరువాత తనే మళ్ళీ చేసి నాలుగు రాత్రులు ఉంటానన్నాడు. ఐదో రాత్రికి మా వారు లోడు మార్చుకుని వస్తున్నారు. పగటికి మా ఊళ్ళోనే ఒక పెద్దావిడ ఒప్పుకుంది. రెండేళ్ళ క్రితం చనిపోయేవరకు తన భర్తకు ఆమే చేసింది కాబట్టి నేను నేర్పవలసింది ఎక్కువ లేదు. పైగా దుప్పటిని మడిచి నడుము కింద వేసి, దానితోనే పక్కకు లాగే పద్ధతి ఆమే నాకు నేర్పింది. ఇన్నాళ్ళూ భుజాలు పట్టి తిప్పుతూ నా నడుము పాడుచేసుకున్నానని అప్పుడు తెలిసింది.

తోక ఎముక దగ్గర రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా ఉంది. నొక్కితే తెల్లబడుతోంది. ఎయిర్ బెడ్ తెనాలిలో అద్దెకు తెచ్చాము. సదరం స్లాటు కోసం సచివాలయంలో పేరు ఇచ్చాను, బ్యాంకు మేనేజరుకు కాగితం రాసి ముద్ర వేయించుకున్నాను; ఇంకా ఎవరూ రాలేదు. 14567వారు రెండు ఆశ్రమాల పేర్లు చెప్పారు, ఈసారికి అక్కరలేకపోయింది.

గోడకు అంటించే కాగితం మా అమ్మాయి రాసింది. "ఊఁ" అని సాగదీస్తే మంచినీళ్ళు, "బాబు" అంటే పక్కకు తిప్పమని, ఎడమచేత్తో మంచం కోడు మీద రెండుసార్లు కొడితే డైపరు మార్చమని, ఇలా పదకొండు రాశాము. రాసినదంతా అత్తగారికి చదివి వినిపిస్తే తొమ్మిదింటికి తల ఊపారు. "తాత" అంటే మామగారిని తలుచుకుంటున్నారనుకుని ఏడాదిన్నరగా నేను ఏదో ఒకటి చెప్పి ఊరడిస్తూ వచ్చాను. అది ఫ్యాను తగ్గించమనట. రెండోది ఏమిటో ఇంకా తేలలేదు. మేము బయలుదేరడానికి ఇంకా ఆరు రోజులు ఉంది.