నేపుల్స్ నుంచి కాప్రికి ఒక్కరోజు: హైడ్రోఫాయిలా, పెద్ద ఫెర్రీనా?

గోదారిగట్టు: జూన్‌లో ఇటలీలో అమ్మానాన్నలను కాప్రి ద్వీపానికి తీసుకెళ్తున్నాం. సాయంత్రానికి నేపుల్స్ వచ్చేయాలి. నాన్నకి మోకాళ్ల నొప్పులు. ఏ పడవ ఎక్కాలి? బ్లూ గ్రోటో (నీలం వెలుగు నిండే సముద్రపు గుహ) చూడగలమా?

మిలానోవాసి: హైడ్రోఫాయిలే, అంటే నీటిపైకి లేచి వేగంగా దూసుకెళ్లే పడవ. మోలో బెవెరెల్లో రేవులో ఎక్కితే దాదాపు 50 నిమిషాల్లో కాప్రి రేవు మరీనా గ్రాందేలో దించుతుంది. పొద్దున్నే మొదటి పడవల్లో వెళ్లండి. పది దాటిందంటే నేపుల్స్ పడవలూ సొరెంటో పడవలూ ఒకేసారి జనాన్ని దించుతాయి, కొండ మీది ఊళ్లోకి తాడుతో లాగే ఫ్యునికులర్ రైలుకి పెద్ద క్యూ. ఫెర్రీలో గంటంబావు పైనే, టైమ్ దండగ.

సముద్రపుగాలి: పెద్దవాళ్లతో హైడ్రోఫాయిల్ వద్దండి. లోపలే కూర్చోవాలి, అల లేస్తే కడుపులో తిప్పుతుంది. గాలి ఎక్కువైతే ముందు రద్దయ్యేదీ అదే. ఫెర్రీలో పైన డెక్ మీద కూర్చోవచ్చు, వెసూవియస్ అగ్నిపర్వతం కనిపిస్తూ ఉంటుంది. అది బయల్దేరేది మాత్రం కలాతా పోర్తా ది మాస్సా అనే వేరే రేవు నుంచి.

మిలానోవాసి: నేననేదీ అదే. కాప్రి పడవ అంటే టాక్సీవాడు బెవెరెల్లోలో దింపేస్తాడు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఆ రేవు నుంచి ఈ రేవుకి నడిపిస్తారా?

సముద్రపుగాలి: రేవు పేరు కాగితం మీద రాసి చూపిస్తే ఆ నడకే ఉండదు.

కందిపొడి: నా ఓటు ఫెర్రీకే.

మిలానోవాసి: ఓట్లు కాదండీ. ఆలస్యంగా దిగితే గ్రోటో పోతుంది. లోపల నీలం వెలుగు బాగుండేది మిట్టమధ్యాహ్నం.

సముద్రపుగాలి: మధ్యాహ్నమే బాగుంటే పొద్దున్నే పరుగెందుకు? అక్కడ ఏం చేయాలో కూడా చెప్పండి. మరీనా గ్రాందే నుంచి మోటారు పడవలో గుహ ముందుకి వెళ్తారు. ఊగుతున్న ఆ పడవలోంచి, అంతకంటే ఊగే చిన్న తెడ్ల పడవలోకి దిగాలి. గుహ ద్వారం ఎత్తు మీటరు. అందరూ పడవ అడుగున వెనక్కి వాలి పడుకోవాలి. అల దిగిన క్షణం చూసి పడవవాడు రాతికి బిగించిన గొలుసు పట్టుకుని లోపలికి లాగుతాడు. లోపల ఉండేది ఐదు నిమిషాలు. సముద్రం కాస్త ఎగిసినా అసలు మూసేస్తారు.

మిలానోవాసి: అంత దూరం నుంచి పిలిపించుకుని, కాప్రి దాకా తీసుకెళ్లి, గ్రోటో చూపించకుండా తెస్తారా? వాళ్లు మళ్లీ వస్తారా? పెద్దవాళ్లు కదా అని అన్నీ కోసేస్తే ఇక ఇంట్లోనే కూర్చోబెట్టండి!

సముద్రపుగాలి: గొంతు పెంచకండి. గొడవ పడవ గురించి కాదని ఇప్పుడు తేలింది. మళ్లీ రారు కాబట్టి అన్నీ చూపించాలంటారు మీరు. మళ్లీ రారు కాబట్టే ఆ ఒక్కరోజూ నొప్పి లేకుండా గడవాలంటాను నేను. రేవులో టాప్ లేని టాక్సీలుంటాయి. రేటు ముందే మాట్లాడుకుని నేరుగా ద్వీపంలో ఎత్తున ఉన్న ఆనకాప్రి ఊరికి వెళ్లి, అక్కడి మ్యూజియం విల్లా సాన్ మికేలె చూసి, తిరిగొచ్చేటప్పుడు కాప్రి ఊరి నడుమ చిన్న కూడలి పియాజెట్టా దగ్గర దిగితే చాలు.

భీమిలి: మోంటే సోలారో కొండ మీదికి వెళ్లే చెయిర్‌లిఫ్ట్ (తీగకి వేలాడే కుర్చీలు) ఎవరూ చెప్పరేం? ఆనకాప్రిలోనే ఎక్కాలి. ఎత్తు 589 మీటర్లు, పైకి పావుగంట లోపే. ఒక్కో కుర్చీకి ఒక్కరే. కుర్చీ ఆగదు, వెనక నుంచి వస్తుండగానే కూర్చోవాలి. చేతికర్ర ఉంటే సిబ్బందికి ముందే చెప్పండి.

గోదారిగట్టు: నాన్న నేలమీద కూర్చుని లేవలేరు. కుర్చీ అయితే పర్లేదనుకుంటా. వెళ్లేటప్పుడు ఫెర్రీ. తిరుగు ప్రయాణం?

సముద్రపుగాలి: ఆఖరి పడవకి మాత్రం తీసుకోకండి. అది రద్దయితే రాత్రికి ద్వీపంలోనే గది వెతుక్కోవాలి. దానికి ముందో, ఆ ముందో ఎక్కేయండి.

మిలానోవాసి: ఆ మాట నిజం. గ్రోటో తెరిచిందో లేదో మాత్రం రేవులో దిగగానే అడగండి. నాన్నగారు ఆగినా, అమ్మగారిని పంపండి.