ఎవర్లీ బ్రదర్స్: 1965 తర్వాతి రికార్డుల్లో ఏవి వినాలి?

గ్రామఫోన్‌పెట్టె:
అమెరికా జంటగాయకులు, అన్నదమ్ములు డాన్, ఫిల్ ఎవర్లీ. ఎవర్లీ బ్రదర్స్ అనగానే అందరూ 1957–62 మధ్య హిట్ల దగ్గరే ఆగిపోతారు. అమెరికాలో వాళ్ల చివరి టాప్ టెన్ పాట 1962లోదే. కానీ ఆ తర్వాత 1973 దాకా రికార్డులు వస్తూనే ఉన్నాయి, 1984లో మళ్లీ మొదలయ్యాయి. వీటిలో నిలబడేవి ఏవి? నిజంగానే పస తగ్గిందా, లేక ఎవరూ పట్టించుకోలేదా? ఇంకో సందేహం: ‘బై బై లవ్’ లాంటి పాటలు స్ట్రీమింగ్‌లో రెండు రకాలుగా వినిపిస్తున్నాయి. ఏది అసలు?

రెండోగొంతు:
గొంతుల్లో పస తగ్గలేదండి, పాటలు అందకుండా పోయాయి. 1961లో మేనేజర్ వెస్లీ రోజ్‌తో తెగతెంపులయ్యాయి. పాటల హక్కులు చూసే ఆకఫ్-రోజ్ పబ్లిషింగ్ ఆయన చేతిలోనే ఉండేది. హిట్లు రాసిచ్చిన ఫెలిస్, బౌడ్లో బ్రయంట్ దంపతులు ఆ సంస్థ రచయితలు, అన్నదమ్ములిద్దరూ కూడా అక్కడే ఒప్పందంలో ఉన్నారు. దాంతో బ్రయంట్ల కొత్త పాటలూ లేవు, సొంతంగా రాసుకున్నవీ రికార్డు చేసుకోలేని పరిస్థితి. ఆ ఏడాది చివర్లో అమెరికా సైనిక దళం మెరీన్ రిజర్వ్‌లో చేరారు. 1964లో బీటిల్స్ వచ్చి అమెరికా చార్టులన్నీ పట్టుకుపోయారు.

చార్టుల్ని బట్టి లెక్కగడితే మోసపోతాం. 1965లో వచ్చిన ‘ద ప్రైస్ ఆఫ్ లవ్’ ఇద్దరూ కలిసి రాసుకున్న పాట. బ్రిటన్‌లో 2వ స్థానం దాకా వెళ్లింది, అమెరికా ప్రధాన చార్టు హాట్ 100లోకే రాలేదు. మౌతార్గాన్, బరువైన బీట్, వాటి మీద ఆ రెండు గొంతులు. పాత తీపి కోసం వెతికితే దొరకదు, ఉన్నదంతా కసి. నా లెక్కలో తర్వాతి కాలం ఇక్కడ్నుంచే మొదలు.

పాతసూది:
‘రూట్స్’తో మొదలుపెట్టండి. 1968 డిసెంబర్, వార్నర్ రికార్డు కంపెనీ, నిర్మాత లెనీ వారోంకర్. అప్పట్లో చార్టు ఎక్కనే లేదు. మొదట్లోనూ చివర్లోనూ 1952 నాటి ఎవర్లీ కుటుంబం రేడియో కార్యక్రమం ముక్కలు పెట్టారు. వాటి మధ్య కంట్రీ గాయకులు మెర్ల్ హ్యాగర్డ్, జిమ్మీ రాడ్జర్స్ పాటలు, అప్పటికింకా పెద్ద పేరు లేని రాండీ న్యూమన్ పాట ఒకటి.

ఈ ఆల్బమ్ ఏం సాధించిందో తెలియాలంటే ఒక్క పని చేయండి. ‘ఐ వండర్ ఇఫ్ ఐ కేర్ యాజ్ మచ్’ 1957లో ‘బై బై లవ్’ రికార్డుకు రెండో వైపు వచ్చింది. ముందు అది వినండి, వెంటనే ‘రూట్స్’లోది వినండి. పాట అదే, గొంతులూ అవే. కానీ నడక బాగా తగ్గించారు, చుట్టూ ఎలక్ట్రిక్ గిటార్లు అలల్లా ఊగుతుంటాయి. వేగం తగ్గితే జంటస్వరాల్లో ఏ చిన్న తేడా ఉన్నా బయటపడిపోతుంది, ఎక్కడా దాక్కోవడానికి చోటుండదు. వీళ్ల దగ్గర తేడా లేదు. పదకొండేళ్లలో మాటలకు బరువు వచ్చింది, అంతే.

1966 నాటి ‘టూ యాంక్స్ ఇన్ ఇంగ్లండ్’ మాత్రం ఎగుడుదిగుడే. లండన్‌లో బ్రిటిష్ బృందం హోలీస్‌తో చేశారు. పన్నెండు పాటల్లో ఎనిమిది హోలీస్ రాసినవే, ఎల్. రాన్స్‌ఫర్డ్ అనే మారుపేరుతో. చాలాచోట్ల హోలీస్ పాటలకు వీళ్లు గొంతు అరువిచ్చినట్టే ఉంటుంది. రెండోసారికి వాయిదా వేయండి.

గ్రామఫోన్‌పెట్టె:
ధన్యవాదాలండి. ఇద్దరి గొంతులు అంతలా కలవడానికి లెక్క ఏమిటి? మా వాళ్లు పాడితే రెండో గొంతు మధ్యలో అపస్వరం పోతోంది.

రెండోగొంతు:
సాధారణంగా డాన్ కింద అసలు వరస పాడతాడు, ఫిల్ పైన మూడో స్వరం పట్టుకుంటాడు. మన లెక్కలో శంకరాభరణం స్వరాలనుకోండి. డాన్ స రి గ పాడితే ఫిల్ గ మ ప. అపస్వరం ఎక్కడొస్తుందంటే, మొదటి జంటకున్న దూరాన్నే పాట పొడుగునా లాగినప్పుడు. కీబోర్డు మీద తెల్లవీ నల్లవీ కలిపి లెక్కపెట్టండి: స నుంచి గకి నాలుగు మెట్లు, రి నుంచి మకి మూడే, గ నుంచి పకి మూడే, మ నుంచి దకి మళ్లీ నాలుగు. రి మీద కూడా నాలుగు మెట్లు ఎక్కితే ప్రతిమధ్యమం (ఈ మ కంటే ఒక మెట్టు పైది) తగులుతుంది, పాట చెడుతుంది.

ఇంకో చిక్కు. గిటార్ స-గ-ప కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) మీద ఉండి కింది గొంతు ప మీద నిలిస్తే, లెక్క ప్రకారం పై గొంతు ని పాడాలి. అది కార్డులో లేని స్వరం, గుచ్చుకుంటుంది. అలాంటిచోట పై సకి వెళ్లాలి. పై గొంతును విడిగా, కింది గొంతు లేకుండా నేర్చుకోండి. తనంతట తాను పాటలా నిలబడాలి. ఫిల్ వరసలు అలాగే ఉంటాయి.

తీగమీటు:
‘రూట్స్’ గొప్పదే, కానీ ‘పాస్ ద చికెన్ అండ్ లిసన్’ (1973, ఆర్‌సీఏ కంపెనీ) వదిలేయకండి. నాష్‌విల్‌లో చెట్ అట్కిన్స్ నిర్మాణం. అందులో జాన్ ప్రైన్ రాసిన ‘పారడైజ్’ ఉంది: కెంటకీలోని మ్యూలెన్‌బర్గ్ కౌంటీని బొగ్గు తవ్వకాలు ఎలా తినేశాయో చెప్పే పాట. డాన్ పుట్టిన బ్రౌనీ ఆ కౌంటీలోదే. తండ్రి ఐక్ బొగ్గుగనిలో పనిచేసినవాడు. ఈ పాట పాడే హక్కు వీళ్లకున్నంతగా ఇంకెవరికీ లేదనిపిస్తుంది. ఆ జులైలోనే కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫార్మ్ వినోద పార్కు వేదిక మీద ఫిల్ గిటార్ పగలగొట్టి వెళ్లిపోయాడు. పదేళ్లు విడిగా ఉన్నారు.

1983లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో కలిశాక వచ్చిన ‘ఈబీ 84’కి నిర్మాత డేవ్ ఎడ్మండ్స్. ‘ఆన్ ద వింగ్స్ ఆఫ్ ఎ నైటింగేల్’ పాల్ మెకార్ట్నీ వీళ్లకోసమే రాశాడు, రెండు గొంతులకు సరిగ్గా అమరింది. మిగతా చోట్ల ఆ కాలపు డ్రమ్ముల మోత కొంచెం అడ్డుపడుతుంది.

పాతసూది:
స్ట్రీమింగ్ సంగతి: 1957–60 హిట్లు కేడెన్స్ కంపెనీవి. వార్నర్‌కి మారాక ఆ మాస్టర్లు (అసలు రికార్డింగులు) వార్నర్ చేతిలో లేవు. అందుకే 1964లో పాత హిట్లను మళ్లీ పాడించి, ‘ద వెరీ బెస్ట్’ పేరుతో వేశారు. పేరు చూసి అదే అసలనుకుంటారు. కింద హక్కుల వరుసలో కంపెనీ పేరు చూడండి. ‘బై బై లవ్’ పక్కన వార్నర్ ఉంటే అది 1964 నాటిది కావచ్చు. ‘క్యాథీస్ క్లౌన్’ వార్నర్‌లోనే పుట్టింది కాబట్టి దానికి ఈ తికమక లేదు.