ఈ పాత రివాల్వర్ ఏ రకమో చెప్పగలరా?

తాతగారి పెట్టెలో తుప్పు పట్టిన రివాల్వర్ ఒకటి దొరికింది. పేల్చే ఉద్దేశం అస్సలు లేదు, అద్దాల బీరువాలో పెట్టుకోవడానికే. చట్టం సంగతి విడిగా కనుక్కుంటున్నాను.

సిలిండర్‌లో ఆరు గదులు. ఒక్కోదానికి వెనక అంచున చిన్న గాటు ఉంది. ముందు విరిగిందేమో అనుకున్నా, కానీ ఆరూ ఒకేలా ఉన్నాయి. అంటే తూటా పక్క నుంచి పిన్ను పొడుచుకొచ్చే పిన్‌ఫైర్ రకమే కదా? ట్రిగ్గర్ ముందుకి మడత పడుతుంది, గార్డు లేదు. సిలిండర్ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో ఈ, ఎల్, జీ అక్షరాలున్నాయి. అది బెల్జియంలోని లీజ్ నగరపు పరీక్ష ముద్ర అని తెలుసు. ముద్ర పైన కిరీటం బొమ్మ లేదు కాబట్టి 1893కి ముందుదేనా? తయారుచేసినవాళ్ల పేరు ఎక్కడా లేదు. ఫ్రెంచి తుపాకుల తయారీదారు లెఫోషో నమూనాకి నకలా?

పేలిన తూటాల ఖాళీ గొట్టాలు బయటకి తోసే కడ్డీ, పక్క మూత, ఒకవైపు పిడి చెక్క లేవు. చెక్క నేనే చెక్కుకోగలను. మిగతా రెండూ దొరుకుతాయా, లేక చూపుకి ఇత్తడితో చేయించాలా?

ఒకాయన గరుకు కాగితంతో రుద్దేయమన్నాడు, గుండె ఆగినంత పనైంది! ముద్రలు చెరగకుండా తుప్పు వదిలించాలి. నూనెలో ఎన్నాళ్లు నానబెట్టాలి?