అప్‌డేట్: రీల్‌ఫుట్ లేక్‌లో మొద్దు తగిలాక ఇంజన్ మోగుతోంది, పడవ కదలదు (కారణం దొరికింది)

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. అడిగింది ఇదీ: టెన్నెసీలోని రీల్‌ఫుట్ లేక్‌లో నీటి కింది మొద్దు తగిలాక, 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ (పడవ వెనక బిగించే మోటారు) మెల్లగా బాగానే పోతోంది, థ్రాటిల్ పెంచితే మాత్రం ఇంజన్ గోలే తప్ప పడవకు వేగం రాదు.

ప్రొపెల్లర్ లోపల, రెక్కల భాగాన్ని మధ్య బుష్‌కు పట్టి ఉంచే రబ్బర్ హబ్ జారిపోయిందని మెకానిక్ తేల్చాడు. ఇక్కడ ఒకరు చెప్పిన గీత పరీక్షతోనే బయటపడింది. ప్రొపెల్లర్ వెనక, మధ్యలోని బుష్ (షాఫ్ట్ మీద కూర్చునే లోహపు గొట్టం) నుంచి బయటి అంచు దాకా పర్మనెంట్ మార్కర్‌తో ఒకే గీత గీసి, నీళ్లలో ఓసారి గట్టిగా నడపండి. గీత తెగి పక్కకు జరిగితే హబ్ పోయినట్టే. తక్కువ వేగంలో రబ్బర్ ఇంకా పట్టుకునే ఉంటుంది, అందుకే మోసపోతాం.

అదే పిచ్ (ఒక చుట్టుకు ముందుకు పోయే దూరం) ఉన్న కొత్త ప్రొపెల్లర్ వేయించాను. షాఫ్ట్ పళ్లకు వాటర్‌ప్రూఫ్ గ్రీజు, నట్టు ఊడకుండా కొత్త కాటర్ పిన్ వేశారు. థ్రస్ట్ వాషర్ (ప్రొపెల్లర్ తోపును షాఫ్ట్‌కు అందించే రింగు) ఒక్కోసారి పాత ప్రొపెల్లర్‌కే అంటుకుని చెత్తలోకి పోతుంది, చూసుకోండి.

కార్బురేటర్‌కు సంబంధం లేదు. షియర్ పిన్ (దెబ్బ తగిలితే తాను విరిగి గేర్లను కాపాడే పిన్ను) ఈ మోటారులో లేనే లేదు. గేర్ ఆయిల్ నీళ్లు చేరి పాలలా మారలేదు కాబట్టి సీళ్లూ బాగున్నాయి.

ఆ మొద్దులు ఆనకట్ట కట్టినప్పుడు మునిగినవని ఒకరన్నారు, కాదు. 1811-12 న్యూ మాడ్రిడ్ భూకంపాలకు నేల కుంగి మునిగిన అడవి అది. లోతు చాలాచోట్ల ఆరడుగుల లోపే. ఆ మొద్దుల మధ్య తిరగడానికి అక్కడ చేసే స్టంప్‌జంపర్ పడవలకు ప్రొపెల్లర్ కింద ఇనుప కడ్డీ కాపు ఊరికే పెట్టలేదు.