దగ్గే లేదు, కిడ్నీ టీబీ అంటున్నారు. ఎవరికైనా తెలుసా?

రాజోలు కుర్రాడు:
మా బాబాయ్‌కి 52 ఏళ్లు, కొబ్బరి వ్యాపారం. ఎనిమిది నెలలుగా మూత్రంలో మంట, రాత్రి ఆరేడుసార్లు లేస్తున్నాడు. దింపు రోజున కాయలు లెక్కపెడుతూ మధ్యలోనే చెట్ల వెనక్కి పరిగెడుతుంటే కూలీలు నవ్వుతున్నారు. షుగర్ లేదు. ఇన్‌ఫెక్షన్ అని నాలుగు కోర్సుల యాంటీబయాటిక్స్ వాడించారు, వాడినప్పుడు వారం బాగుంటుంది, మళ్లీ మామూలే. రిపోర్టులో చీము కణాలు బోలెడు, కల్చర్‌లో (క్రిమిని పెంచి చూసే పరీక్ష) మాత్రం ఏమీ పెరగలేదట. ఇప్పుడు కాకినాడలో యూరాలజిస్ట్ సీటీ తీయించి ఎడమ కిడ్నీకి టీబీ అనుమానం అన్నారు. దగ్గు లేదు, జ్వరం లేదు, ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉంది. ఎవరికీ చెప్పొద్దని పిన్ని ఏడుస్తోంది. కిడ్నీ తీసేస్తారా అని టెన్షన్.

ల్యాబ్ మనిషి, అమలాపురం:
చీము ఉండి కల్చర్‌లో ఏమీ రాకపోతే టీబీ గురించి ఆలోచించాల్సిందే తమ్ముడూ, ఆ క్రిమి మామూలు ప్లేటు మీద పెరగదు. ఎప్పుడో ఊపిరితిత్తుల్లోకి వచ్చి రక్తంలో కిడ్నీకి చేరి ఏళ్ల తరబడి నిద్రపోతుంది, అందుకే ఎక్స్‌రే బాగుండొచ్చు. మూత్రం మధ్యాహ్నం తెచ్చి ఇవ్వకండి. పొద్దున లేవగానే వచ్చేది, మొత్తం, కనీసం మూడు రోజులు వరుసగా ఇవ్వాలి, ఎందుకంటే క్రిమి రోజూ బయటపడదు. టీబీ క్రిమి జన్యువుని వెతికే సీబీనాట్ పరీక్ష ఫలితం గంటల్లో వస్తుంది, టీబీ కల్చర్‌కి వారాలు పడుతుంది. నెగెటివ్ వచ్చినంత మాత్రాన లేదని కాదు. ఇంకోటి, పాత చీటీల్లో లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఉందేమో చూసి డాక్టర్‌కి చెప్పండి, అది టీబీని కూడా కాస్త అణుస్తుంది, పరీక్షని తప్పుదారి పట్టిస్తుంది.

చెరువుగట్టు, భీమవరం:
నాకూ టీబీనే, వృషణం వెనక గట్టి గడ్డ, నొప్పి కూడా లేదు, సిగ్గుపడి ఏడాది దాచుకున్నా, బుద్ధిలేక. తర్వాత కిడ్నీ నుంచి మూత్రం కిందికి దిగే నాళం కూడా ఇరుకైందని తేలింది. మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు, బరువుని బట్టి మాత్రలు. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వస్తే రక్తమనుకుని వణికిపోయా, అది ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ రంగంతే. మందులు వాడుతుండగా ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోయినా, కళ్లు పసుపెక్కినా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. మందులు పనిచేస్తుండగానే నాళం మచ్చకట్టి ఇంకా ఇరుకవ్వొచ్చు, అందుకే బాగున్నా స్కాన్ మానొద్దన్నారు. నాకు నాళం మూసుకుపోకుండా లోపల స్టెంట్ (సన్న గొట్టం) వేశారు. కిడ్నీ పూర్తిగా చచ్చిపోయి ఇబ్బంది పెడితే తీస్తారు గానీ ముందు మందులే. సర్కారు ఆసుపత్రిలో అన్నీ ఉచితం, నిక్షయ్‌లో (సర్కారు టీబీ రోగుల నమోదు) పేరు ఎక్కితే తిండికి నెలకి 1000 రూపాయలు కూడా బ్యాంకులో పడతాయి.

పాలకొల్లు అక్క:
మీ పిన్నికి చెప్పు బాబూ, ఊపిరితిత్తుల్లో లేకపోతే తుమ్ముతోనో కంచంతోనో అంటుకోదు. నాకు నాలుగేళ్లు పిల్లలు కలగక, గర్భసంచి లోపలి పొర పరీక్ష చేస్తేనే అక్కడ టీబీ ఉందని బయటపడింది. కోర్సుతో జబ్బు తగ్గింది, మూసుకున్న ట్యూబులు మాత్రం తెరుచుకోలేదు. ముందే పట్టుకుంటే బాగుండేది.

రాజోలు కుర్రాడు:
థాంక్సండీ. చీటీల్లో లీవోఫ్లాక్సాసిన్ రెండుసార్లు ఉంది. రేపటి నుంచి మూడు పొద్దుళ్లు. ల్యాబ్ వాళ్లిచ్చిన సీసా చూసి "ఇది నిండాలంటే రాత్రంతా లేవకుండా ఉండాలిరా, అదే కదా నా బాధ" అంటున్నాడు బాబాయ్.